పోతాను అనే బటన్

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు అక్క ఎమ్మిగనూరు నుంచి ఫోను చేసింది. నేను ఆదోనిలో, ఆఫీసులో, అన్నం తిని అప్పుడే కుర్చీలో కూర్చున్నాను. ఫోనులో ఆమె గొంతు వెనక ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

"రెండింటి నుంచి నా గదిలో ఎవురూ లేరని రాసిచ్చినావంట. ఈడ కుర్చీలు సాలక ఒకామె నా బల్ల మీద కూసోనుంది. ఆమెను యాడ రాసుకోమంటావురా?"

అక్క ఇప్పుడు లేదు. ఉంటే ఈ సంగతి నాకంటే బాగా చెప్పేది, కొంచెం పెంచి.

మా ట్రస్టు నేత కుటుంబాల కోసం ఎమ్మిగనూరులో ఒక కంప్యూటరు గది నడుపుతుంది. చీర అంచుల నమూనాలు చూడటానికి, పింఛను సంగతి తెలుసుకోవడానికి, పిల్లల దరఖాస్తులు పెట్టడానికి జనం వస్తారు. గది చూసుకునేది అక్క. వచ్చినవాళ్ళు తమ నంబరు కొట్టి లాగిన్ అవుతారు. ఆ వేళలన్నీ ఆదోనిలో నా దగ్గరికి చేరతాయి. ఏ గంటలో ఎంతమంది ఉంటున్నారో తేల్చమని మా సారు అడిగారు. జనం లేని గంటల్లో గదికి తాళం వేసి కరెంటు ఆదా చేయాలని ఆయన ఆలోచన.

లాగిన్ వేళలను గంటల వారీగా విడదీసి ఇచ్చాను. ఒంటిగంటకు బోలెడు మంది, రెండింటికి సున్నా, మూడింటికి సున్నా. సారు ఆ కాగితం చూసి, సోమవారం నుంచి రెండింటికి తాళం అన్నారు.

అక్క ఫోను పెట్టేశాక గాని నా తప్పు నాకు తెలియలేదు. మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళు పని, వంట ముగించుకుని ఒంటిగంటకు వస్తారు, నాలుగు దాకా కూర్చుంటారు. నేను లెక్కపెట్టింది గడప దాటినవాళ్ళను. కూర్చున్నవాళ్ళను కాదు. పొద్దున వాళ్ళకు తీరిక ఉండదు, చీకటి పడ్డాక ఇల్లు కదలనివ్వరు. రెండింటికి తాళం పడితే ఆ గది వాళ్ళకు లేనట్టే. అక్కకు అదే బాధ.

అందుకని రెండో లెక్క తీశాను. మనిషి లాగిన్ అయిన వేళకూ లాగౌట్ అయిన వేళకూ మధ్య ప్రతి గంటలోనూ ఆ మనిషిని ఒకసారి లెక్కపెట్టాను. సరిచూసుకోకుండా సారుకు పంపాను. కాసేపటికే లోపలికి పిలిచారు. నా పట్టిక ప్రకారం, రాత్రి రెండు గంటలకు, తాళం వేసిన గదిలో, అరవై మంది పనిచేస్తున్నారు.

"మీ అక్క దయ్యాలకు గూడా కంప్యూటర్ నేర్పిస్తాందేమప్పా" అన్నారు సారు.

రికార్డులు తిరగేశాను. ఒక్కరంటే ఒక్కరు లాగౌట్ కాలేదు. లేచి వెళ్ళిపోతారు. తర్వాతి మనిషి వచ్చి అదే కంప్యూటరులో తన నంబరు కొడుతుంది. ముందు మనిషి రికార్డులో ఉండిపోతుంది. మర్నాడు వస్తే మళ్ళీ కొత్తగా చేరుతుంది. ఒకామె సోమవారం ఒక్కతే, శనివారానికి తనే ఆరుగురైంది. అక్క సంగతి అయితే చెప్పక్కర్లేదు. గది తెరిచిన రోజు లాగిన్ అయింది, అంతే. రికార్డు ప్రకారం ఆమె ఇల్లు చేరనే లేదు.

అక్కే కావాలని అంకెలు పెంచుతోందని సారు అనుమానించారు. శుక్రవారం తానే వచ్చి కూర్చుని చూస్తానని, తేడా ఉంటే తాళం ఖాయమని చెప్పారు. అక్కకు ఫోను చేసి, లేచేటప్పుడు లాగౌట్ బటన్ నొక్కించలేవా అని కసిరాను. ఆమె చాలాసేపు నవ్వింది. బటన్ మీద ఏం రాశావో గుర్తుందా అని అడిగింది.

గుర్తుంది. బటన్ల మీద తెలుగు మాటలు పెట్టేటప్పుడు ఎవరో 'నిష్క్రమించు' అన్నారు. మనుషులు మాట్లాడే మాట కాదని నేనే కొట్టేశాను. లోపలికి 'వచ్చినాను', బయటికి 'పోతాను' అని పెట్టించాను. ఇంతకంటే తేట మాట ఉండదని నా నమ్మకం.

"బాగుంది. శుక్రవారం నువ్వు నోరు తెరవొద్దు" అంది అక్క.

శుక్రవారం సారూ నేనూ బస్సులో వెళ్ళాం. రూలు అందరికీ ఒకటేనని అక్క సారుకు కూడా ఒక నంబరిచ్చి లాగిన్ చేయించింది. ఆయన తనిఖీ మరిచిపోయి చీర అంచులు చూస్తూ కూర్చున్నారు. ఆయన భార్యను ఎన్నడూ చూడని ఆడవాళ్ళు చుట్టూ చేరి, ఆమెకు ఏ రంగు నప్పుతుందో తేల్చేశారు. మూడున్నరకు సారు బస్సని లేచారు.

"లాగౌట్ కాండి సార్. లేకుంటే మీరు గూడా దయ్యాల్లో కలుస్తారు" అంది అక్క.

ఆయన వంగి మౌసు పట్టుకున్నారు. బాణం గుర్తు 'పోతాను' దాకా వెళ్ళి ఆగింది. ఆడవాళ్ళందరూ ఆయన వేలి వైపు తిరిగారు.

"నొక్కండి సార్" అంది అక్క మళ్ళీ.

"వద్దు నాయనా" అంది వెనక నుంచి ఒక ముసలామె. "నువ్వు బస్సెక్కి ఇల్లు చేరల్ల."

సారు మౌసు వదిలేశారు. గదిలో అందరికీ ఒకసారి దండం పెట్టి, "పోయొస్తానమ్మా" అన్నారు. ఆడవాళ్ళ నవ్వు మేము మెట్లు దిగేదాకా వినిపించింది.

ఇల్లు కదిలేవాళ్ళు 'పోతాను' అనకూడదని నాకు తెలియనిది కాదు. మా ఇంటి గడపలో నేనే రోజూ 'పోయొస్తా' అంటాను. కంప్యూటరుకు గడప ఉంటుందని తోచలేదు. బస్సులో సారు ఆ మాట మార్చమని మాత్రం చెప్పారు.

బటన్ మీద 'పోయొస్తా' అని పెట్టాను. మరుసటి వారం అందరూ నొక్కారు, అక్కతో సహా. రాత్రి గంటలు ఖాళీ అయ్యాయి. రెండింటికి పధ్నాలుగు మంది, మూడింటికి పదకొండు మంది తేలారు. తాళం మాట సారు మళ్ళీ ఎత్తలేదు. అక్క మాత్రం అరవై మందిని పధ్నాలుగు చేశానని, నా లెక్క తగిలి తన జనం చిక్కిపోయారని నన్ను చాలా రోజులు ఆడిపోసుకుంది.

అక్క చనిపోయి ఏడాది దాటింది. ఆ గదిని ఇప్పుడు ఒక నేతగాళ్ళ అమ్మాయి చూసుకుంటుంది. మధ్యాహ్నాలు ఆడవాళ్ళు వస్తున్నారని చెబుతుంది. సారు నమ్ముతున్నారు, నేనూ నమ్ముతున్నాను. గంటల లెక్క ఇప్పుడు ఎవరూ తీయడం లేదు.