చిరుగు పక్కన గుడ్డ

సబ్బుతో ఎంత రుద్దినా వేళ్లకంటిన కుట్టుమిషను నూనె వాసన పోవడం లేదు. ఆఫీసులో ఫైలు తిప్పుతున్నా అదే, అన్నం కలుపుతున్నా అదే. ఆ వాసన తగిలితే చాలు, బరంపురంలో మా పాత వీధీ, అరుగు మీద చాప పరచుకుని బట్టలు కుట్టే నారాయణమ్మ పిన్నీ కళ్ల ముందుకొస్తారు. పిన్ని అంటే చుట్టం కాదు, పక్కింటావిడ. ఆవిడ పోయాక, చేత్తో పిడి తిప్పి కుట్టే ఆ పాతకాలపు మిషను ఖల్లికోటలో ఆవిడ మేనల్లుడి ఇంట్లో ఏళ్ల తరబడి అటకెక్కి కూర్చుంది. మొన్న అతను దాన్ని రైల్లో తెచ్చి, మా గుమ్మంలో దింపి, "మా అత్త వస్తువు, మీ కాడుంటేనే బాగుంటాది" అనేసి టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. చూద్దును కదా, అడుగు దారం పట్టే పడవలాంటి షటిల్ లేదు, సూది బిగించే మర లేదు, అడుగున రేకు మూత లేదు. దీన్ని బాగుచేయించడమా, వదిలెయ్యడమా? తేల్చుకోలేక కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. హాల్లోంచి బాల్కనీలోకీ, బాల్కనీలోంచి మంచం కిందికీ దాన్ని మోస్తున్నాను. "ఎందుకంత హైరానా? హాల్లో పెట్టి పైన మనీప్లాంటు కుండీ పెడదాం, ఇప్పుడందరూ అలాగే పెడుతున్నారు" అన్నారు మావారు. ఒళ్లు మండిపోయింది. పిన్ని మిషను మీద పూలకుండీయా! అలాగని పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యడానికీ చేతులు రావు.

పిన్ని దగ్గరికి చిరిగిన బట్ట తెస్తే ఆవిడ చిరుగు వైపు చూసేది కాదు. చిరుగుకు కాస్త అవతల గుడ్డను రెండు బొటనవేళ్లతో పట్టి మెల్లగా లాగేది. అది గట్టిగా నిలిస్తే ఒళ్లో వేసుకునేది. పిగిలిందా, మడతపెట్టి తిరిగిచ్చేసేది. "సిరుగు కేసి ఏటి సూస్తావే? సిరుగన్నది ఎలాగూ సిరిగిందే. పక్కన గుడ్డ సూడు. అది బాగుంటేనే అతుకు" అనేది నాతో. స్కూలు నుంచి వచ్చి ఆ చాప మీదే హోంవర్క్ రాసుకునేదాన్ని. పిడి తిరిగినప్పుడల్లా చివర్లో టిక్కుమని ఒక చప్పుడు వచ్చేది. అది వినబడకపోతే నాకు లెక్కలు సాగేవి కావు.

మా తాతగారి మడి పట్టుపంచె ఒకటి ఉండేది. బరంపురం నేత, ఎర్రంచు. వ్రతమైనా పెళ్లయినా మా నాన్న అది కట్టుకోవాల్సిందే. మడత దగ్గర చిరిగితే అమ్మ పిన్ని దగ్గరికి పట్టుకెళ్లింది. పిన్ని వేళ్లతో లాగి చూసి, "ఒదినా, ఇది ఉరిసిపోయింది. కొత్త గుడ్డ అతికితే ఆ బలానికి పాతది తట్టుకోదు" అంది. అమ్మకు రోషం వచ్చింది. మామగారి పంచెను మూల పడేస్తుందా? బజారులో ఎవరి చేతో దిట్టంగా అతుకు వేయించింది. తరువాత సత్యనారాయణ వ్రతంలో, పేరంటాళ్లందరూ చూస్తుండగా నాన్న పీట మీద కూర్చోబోయారు. చర్రుమంది! అతుకు అతుకులాగే ఉంది, దాని చుట్టూ పంచే లేదు. పంతులుగారు మంత్రం మింగేశారు. అమ్మ మొహం చూడాలి! మర్నాడు పిన్ని తనే వచ్చి ఆ పంచె అడిగి తీసుకుంది. ఎర్రంచు చెక్కుచెదరలేదు. దాన్ని విప్పి నా పావడాకు కుట్టింది. "పోయినదాన్లో పోనిది ఉంటాదొదినా. అది తీసి బతికేదానికెయ్యాల" అంది. అమ్మ నవ్వలేక నవ్వింది.

పిన్నిని వదిలేసి పోయిన మొగుడు చాలా ఏళ్లకు ఒకరోజు సంచీ పట్టుకుని అరుగు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. వీధంతా పోగైంది. "ఎంతైనా మొగుడు, సర్దుకుపో" అన్నారు పెద్దలు. పిన్ని ఆయనకు విస్తరి వేసి వడ్డించింది, మజ్జిగ పోసింది. చెయ్యి కడుక్కున్నాక, "ఇంక ఎల్లండి" అంది. మా అమ్మ తట్టుకోలేక ఎందుకలా అన్నావని అడిగితే, "తిన్నంతసేపూ మాటాడించి సూసేనొదినా. పక్కనేటీ మిగల్లేదు. ఎక్కడ కుట్టమంటావు?" అంది. చెయ్యి పిడి తిప్పుతూనే ఉంది. ఆవిడంటే నాకు భయం, గౌరవం మొదలైంది ఆ రోజే.

డిగ్రీ మొదటి ఏడాది లెక్కల పేపరు పోయింది నాకు. ఇక చదవనని పుస్తకాలు కట్టకట్టేశాను. నాన్న తిట్టారు, అమ్మ ఏడ్చింది. పిన్ని మార్కుల కాగితం తెమ్మంది. అంకెలు తప్ప ఆవిడకు చదవడం రాదు. మిగతా సబ్జెక్టుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగింది. "ఓసోసి, ఒక్క సిరుగుకి సీరంతా పారేస్తావేటే! పక్కనంతా రాయిలా ఉంది గదే. కూకో, అతుకేసుకో" అంటూ నెత్తిన మొట్టింది. ఈ రోజు నేను తినే తిండి ఆ మొట్టికాయ పెట్టిందే.

చివరికి మిషనును కుట్టుమిషన్లు బాగుచేసే మిస్త్రీ దుకాణానికి పట్టుకెళ్లాను. ఒడియా ఆయన, తెలుగు బాగానే మాట్లాడతాడు. షటిల్ ఎక్కడైనా వెతికించమన్నాను, ఎన్నాళ్లైనా ఆగుతానన్నాను. నాకు కావలసింది షటిల్ కాదు, పిన్ని. ఆ సంగతి ఆయనకేం తెలుసు? మిషను బోర్లించాక నేనే చూశాను. షటిల్ ఆడే చోట పోత ఇనుము పగిలి ఉంది. పగులు పక్కన వేలితో నొక్కితే కదిలింది. "వెల్డింగ్ చెయ్యండి" అన్నాను మొండిగా. "హెబొ నాహిఁ, అవదు మేడమ్. అక్కడ అతికితే పక్కన పగులుతాది" అన్నాడు. పట్టుపంచె చర్రుమన్న చప్పుడు మళ్లీ వినబడింది.

ఆ పక్క బల్ల మీద అలాంటిదే ఇంకో మిషను ఉంది, షటిల్‌తో సహా. పిడీ, దాని పళ్లచక్రమూ విరిగాయంతే. సముద్రం ఒడ్డునున్న రామయ్యపట్నం నుంచి ఎర్రమ్మ అనే ఆమె తెచ్చి, పిల్లల గౌన్లు కుట్టుకోవాలని వారం వారం వచ్చి అడిగి పోతోందట. "మీ పిడి ఇస్తే అది నడుస్తాది" అన్నాడు మిస్త్రీ. ఇవ్వనని చెప్పి ఇంటికొచ్చేశాను. ఇంట్లో కాలు నిలవలేదు. పిడి తీసేస్తే ఇంకేం మిగులుతుంది నాకు? తీయకపోతే మాత్రం ఏం మిగిలింది? కూర మాడింది, మావారు మాట్లాడటం మానేశారు. సాయంత్రానికి చెప్పులు వేసుకుని మళ్లీ వెళ్లి, "తీసెయ్యండి" అన్నాను. ఆయన మర విప్పుతుంటే అటు తిరిగి నిలబడ్డాను. పిడీ చక్రమూ ఇచ్చేశాను. మిగతా ఇనుమును పాత సామాన్లలో వేస్తానంటే సరేనన్నాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఈ రోజు ఉదయం ఎర్రమ్మ మిస్త్రీ దగ్గర నా నంబరు తీసుకుని ఫోన్ చేసింది. ఆమెను నేను చూడలేదు. "పిడి ఇచ్చింది మీరేనేటమ్మా? నడుస్తోందమ్మా! ఇనండి, ఇనండి" అని ఫోను మిషను పక్కన పెట్టింది. వెనకాల సముద్రం హోరు, ఎవరో పిల్ల పేచీ. తరువాత కుట్టు మొదలైంది. పిడి ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా, చివర్లో, టిక్కుమంది.