తలకిందుల మేక

ఇంట్లో దిష్టి తీస్తుంటే నవ్వేవాణ్ణి నేను. శ్మశానం పక్క దారిలో సైకిలు తొక్కి చదువుకున్నాను, ఏనాడూ వెనక్కి తిరిగి చూడలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. అయితే మా బావమరిది ఓబులేసు విషయంలో ఒక మాట తప్పుగా తిరుగుతోంది. జరగబోయేది నా జాతకం కార్డులు ముందే చెప్పాయనీ, నేను అతనికి ఉన్నదున్నట్టు చెప్పాననీ అంటున్నారు. మొదటిది నిజమేనేమో. రెండోది కాదు. అందుకే రాస్తున్నాను.

ప్రొద్దుటూరులో నాకు జిరాక్స్ అంగడి ఉంది. పులివెందులలో చదువుతున్న మా పాప ఆన్‌లైన్‌లో జాతకం చెప్పే టారో కార్డుల పెట్టె తెప్పించుకుని, పరీక్షలు దగ్గరపడేసరికి ఇంట్లో పడేసి పోయింది. ఒకరోజు ఊరికే తెరిచాను. ప్రతి కార్డు మీదా ఒక జంతువు. నక్క, తాబేలు, గుడ్లగూబ, మేక. నక్క కళ్ళలో తడి కూడా కనిపించేలా వేశారు. వెంట చిన్న ఇంగ్లీషు పుస్తకం ఉంది. కార్డు నిటారుగా వస్తే ఒక అర్థం, తలకిందులుగా వస్తే ఎదురు అర్థం.

పెట్టెను అంగడికి తెచ్చుకున్నాను. గిరాకీ లేనప్పుడు వచ్చినవాళ్ళకు సరదాగా చెప్పేవాణ్ణి. పక్కన టీ కాచే మస్తాన్ ఎగతాళి చేసేవాడు.

"ఏం అన్నా, చిలక యాడికి పాయ? నువ్వే పంజరంలో కూచున్యావే!"

ఓబులేసు నా భార్యకు తమ్ముడు. జమ్మలమడుగు దగ్గర పల్లెలో గొర్రెలు మేపుతాడు. పొలంలో రాత్రిళ్ళు మంద కడితే ఎరువు పడుతుందని రైతులు పిలుస్తుంటారు. ఆసారి పులివెందుల వైపు నుంచి ఒక రైతు పిలిచాడు. అక్కడ మేత బాగుంది. కానీ పోవాలంటే ముద్దనూరు రోడ్డు మీద సిమెంటు లారీల మధ్య మందను దాటించాలి. ఎటూ తేల్చుకోలేక అంగడికి వచ్చాడు.

"నాకేం నమ్మకం లేదులే బావా. అయినా ఒకటి తీయ్. పోవల్లనా, వద్దా?"

కార్డులు కలిపి అతని చేతే తీయించాను. చూడకుండానే నాకిచ్చాడు. మేక, తలకిందులుగా. ముందు నడిచేది దారి తప్పుతుంది, కదలవద్దు అని పుస్తకంలో ఉంది. సరిగా కలపలేదనుకుని మళ్ళీ తీయించాను. అదే మేక, అలాగే. ఇంకోసారి తీయించినా అదే.

అప్పుడు కార్డును చేతిలోనే తిప్పి, నిటారుగా బల్ల మీద పెట్టాను.

ఇదీ నేను చేసింది. అతని ముఖంలో ఆశ చూసి మంచి మాట చెప్పాలనిపించింది. పైగా అదంతా ఆటే అనుకున్నాను.

అతని ముఖం వెలిగింది. మందకు ముందు మేకను నడిపించడం వాళ్ళ అలవాటు.

"మేకొచ్చిందా! గొర్రె యాడన్నా ముందు నడుస్తాదా బావా? మేక కదిల్తేనే మంద కదిలేది. ఇంగ శానా మంచిది."

నేను తల ఊపాను.

ఆ వారంలోనే ఒక ఉదయం మంద రోడ్డు దాటుతుంటే మేక నడిమధ్యలో ఆగి వెనక్కి తిరిగింది. గొర్రెలన్నీ దాని చుట్టూ గుమిగూడాయి. లారీ ఆగలేకపోయింది. సగం మంద పోయింది. వాటిని తోలబోయిన ఓబులేసు కాలు నలిగింది. మోకాలి కింద తీసేశారు. మేకకు గీత కూడా పడలేదు.

"బావ కార్డులో మేకొచ్చింది. సూడు, మేకే మిగిల్నాది" అని ఆసుపత్రిలో వచ్చినవాళ్ళందరికీ అతనే చెప్పాడు. ఆ తర్వాత జనం జాతకం చెప్పమని అంగడికి రావడం మొదలుపెట్టారు. అందరికీ మేకే వస్తుందేమో చూద్దామని పాప చేతా, మస్తాన్ చేతా తీయించాను. వాళ్ళకు ఏవేవో వచ్చాయి. మేక రాలేదు.

నిజం చెబుదామని ఓబులేసు ఇంటికి పోయాను. పెట్టె తెమ్మని ముందే ఫోన్ చేశాడు. మంచం మీద కూర్చుని ఉన్నాడు, పక్కన చంకకర్ర.

"మిగిలిన గొర్లకు ఇంకొన్ని కలుపుకొని మల్లా పులివెందల దిక్కు పోదామనుకుంటాండా. తీయ్ బావా."

"వద్దురా."

తనే కలిపి తనే తీశాడు. మేక, తలకిందులుగా.

ఈసారి నేను ముట్టుకోలేదు. జరిగిందంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తెలుసులే బావా" అన్నాడు. "ఆ పొద్దు నువ్వు తిప్పుతాంటే సూసినా. సూసీ గమ్మునున్యా. నాగ్గూడా పోవల్లనే ఉన్నింది."

చేయి చాపి, మేకను తనే తిప్పి కాళ్ళ మీద నిలబెట్టాడు.

"కాళ్ళు పైకి పెట్టుకోని మేక యాడన్నా నడుస్తాదా?" అని నవ్వాడు.

అన్ని కార్డుల్లో అతనికి అదొక్కటే ఎందుకు వస్తుందో నాకు తెలియదు. నిన్న ముద్దనూరు రోడ్డెక్కాడని నా భార్య చెప్పింది. చంకకర్రతో మంద వెనక నడుస్తున్నాడట. ముందు నడిచేది ఆ మేకే. వద్దని ఎన్నిసార్లో ఫోన్ చేశాను. నవ్వి పెట్టేస్తున్నాడు.