రాయి కాదధ్యక్షా!

శాసనమండలి మాజీ సభ్యులు బాలకిష్టయ్య గారు పరమపదించారన్న వార్త మొన్న ఉదయం సుచిత్ర చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా ఫోన్‌లో అందింది. నమ్మలేకపోయాను. ముందురోజే కదా, "తమ్మీ, ఆ సవరణ మళ్లొక్కపారి రాద్దామా?" అని అడిగారు! చట్టమైపోయింది కదన్నా అంటే, "చట్టమైతే ఏంది, తప్పు తప్పే గద" అన్నారు.

మేడ్చల్‌లో వకీలునైన నేను ఆయన సవరణలకు రాయసగాణ్ని. అది భాగ్యమో, వెట్టిచాకిరో ఆయన ఉన్నంతకాలం తేల్చుకోలేదు. రాష్ట్రం ఏమవుతుందోనని సభలు అట్టుడుకుతున్న రోజుల్లో ప్రభుత్వ భూముల బిల్లొకటి వచ్చింది. సాగులో లేని సర్కారు భూములన్నీ 'నిరుపయోగ భూములు', వాటిని ఎవరికైనా కేటాయించవచ్చు అని దాని సారాంశం. శామీర్‌పేట చెరువుకు ఎగువనున్న బంచరాయి, అంటే ఊరుమ్మడి మేత బీడు కూడా ఆ మాట కిందికే వచ్చింది. ఊరి పశువులు మేసేదీ, ఖాసీం భాయి మేకల మంద బతికేదీ అక్కడే. వాన నీరు చెరువులోకి దిగేదీ ఆ గడ్డి మీదుగానే.

బంచరాయిని మినహాయించాలంటూ ఆయన లేచిన రోజు నేను సందర్శకుల గ్యాలరీలో ఉన్నాను. తెలంగాణ మాట తెలియని సభ్యుడొకాయన నిష్కల్మషంగానే అడిగారు: "అధ్యక్షా, రాయి ఉన్నచోట క్వారీకిస్తే ఆదాయమే కదా! గౌరవ సభ్యులకు అభ్యంతరమేమిటి?" నేను తల పట్టుకున్నాను.

"రాయి కాదధ్యక్షా! పసులు మేసే జాగ!" అన్నారు బాలకిష్టయ్య గారు. సభ గొల్లుమంది. ఆనాటి నుంచి లాబీల్లో ఆయన పేరు 'రాయి సార్'. నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం, "నవ్వనీ తమ్మీ, నవ్వినోనికి మాట యాదుంటది" అనేవారు.

ఆయనకు ఇంటి పోరు వేరే. రియల్ ఎస్టేట్‌లోకి దిగిన సొంత తమ్ముడే, "గడ్డి కోసం కొట్లాడెటోనికి మళ్ల పదవి ఎవలిస్తరే?" అని ఎత్తిపొడిచాడు. "పసులకు ఓటు లేకపాయె, మనకన్న నోరుంది గదరా" అన్నారాయన. పదవి మళ్లీ రానేలేదు.

సవరణ మూజువాణి ఓటుతో వీగిపోయింది. తిరుగు ప్రయాణంలో మేడ్చల్ రోడ్డెక్కాక, "అలసిపోయిన, తమ్మీ! చాయ్ తాగుదాం" అన్నారు. తాగుతూనే కొత్త సవరణ చెప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత బిల్లు చట్టమై, బంచరాయికి కంచె పడింది. చెరువు అంచున చిన్న గడ్డి చెలక మాత్రం మిగిలింది.

నిన్న మేడ్చల్‌లో సంతాప సభ. నివాళులయ్యాక, మిగిలిన ఆ చెలకలోనే ఆయన పేరిట నల్లరాతి శిలాఫలకం నిలపాలని ఒక నాయకుడు ప్రతిపాదించాడు. చప్పట్లు మోగాయి. వెనక వరుసలోంచి ఖాసీం భాయి లేచాడు.

"అరె సాబ్, బతికినన్ని దినాలు రాయి కాదు, రాయి కాదు అని మొత్తుకుండె. గిప్పుడు గడ్డి పీకి ఆయన పేరు మీదనే రాయి పెడ్తరా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రతిపాదించిన నాయకుడే మళ్లీ మైకు అందుకుని, సరే, వద్దులే అన్నాడు.

అటువంటి మనిషిని ఈ నేల మళ్లీ చూడదు. నాకూ ఓపిక తగ్గింది. ఇక ఎవరి కోసం సవరణలు రాస్తానో తెలియదు. అన్నా, ఇన్నేళ్లకు మన సవరణ ఒకటి నెగ్గింది. చెబుదామంటే మీరు లేరు.