ఫోనెత్తితే పలికే మా వదిన

మా క్వారీ కాలనీలో ఏళ్ల తరబడి టెలిఫోన్ ఆపరేటరుగా చేసిన వదిన మొన్న మంగళవారం మధ్యాహ్నం గుండెపోటుతో పోయింది. పక్క క్వార్టరు కాబట్టి వదిన అనేవాణ్ణి. నేను కాలనీ బడి పంతుల్ని. ప్యూన్ వచ్చి చెబితే పాఠం ఆపి పరుగెత్తాను. అప్పటికే అంతా అయిపోయింది.

గురజాల అవతల రాళ్ల మధ్య బతికే మాకు ఆమె గొంతే పెద్ద దిక్కు. ఫోనెత్తితే నంబరు అడిగేది కాదు. "చెప్పు, ఎవరికియ్యమంటావు?" అనేది. అసలు నంబర్లేమిటో మాలో ఎవరికీ తెలియదు. "డాక్టరుగారికియ్యి", "మా ఆయన్ని పిలువు" అంటే చాలు, బోర్డు మీద తీగ గుచ్చి కలిపేది. గట్టిగా మాట్లాడితే ఊరుకునేది కాదు. "ఒరేయ్, అంత అరిచేవాడివి ఫోనెందుకురా? నడికుడి దాకా వినపడతంది" అని కసిరేది. అలాగని ఎవరి మాటా ఎవరికీ చేరవేసిన మనిషి కాదు.

కాలనీకి టీవీ వచ్చిన ఏడే ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీ వచ్చింది. పాత ఫోన్లు తీసేసి డయల్ ఫోన్లు పెట్టారు. "అందరూ అలవాటు పడేదాకా పాత బోర్డు కూడా ఉంచండయ్యా" అని వదిన బతిమాలింది. రెండూ నడపలేమన్నారు ఇంజనీరుగారు. ఆయన్ననీ లాభం లేదు, పాతదానికి సామాను దొరకడం లేదు. వారం తిరక్కుండా బోర్డు ఊడబీకి, వదినను స్టోర్సులో కూర్చోబెట్టారు.

అప్పట్నుంచీ డ్యూటీ దిగి ఇల్లిల్లూ తిరిగింది. ఆడవాళ్ల వేళ్లు పట్టుకుని డయల్ తిప్పించింది. "ముందు గుయ్యిమంటది. అది మనిషి గాదు, దాంతో మాట్లాడమాకండి. నంబరు తిప్పండి" అని పోరింది. నాకూ, మా ఆవిడకూ నేర్పింది ఆమే. దీపం కింద చీకటన్నట్టు, సొంత మొగుడికి మాత్రం నేర్పలేకపోయింది. అన్న క్వారీలో డ్రిల్లరుగా చేసి రిటైరైన మనిషి. "ఎక్స్ఛేంజీయే నా ఇంట్లో ఉంటే నాకెందుకే అయ్యన్నీ?" అని నవ్వేసేవాడు.

మంగళవారం స్టోర్సు నుంచి భోజనానికి ఇంటికొచ్చి ఆమె కుప్పకూలగానే అన్న ఫోనెత్తాడు. "అమ్మా, డిస్పెన్సరీకియ్యి. మీ అక్కకి బాగలేదు" అన్నాడు. గుయ్యిమంటుంటే కలుపుతున్నారనుకున్నాడు. రిసీవరు పట్టుకుని బతిమాలుతూనే ఉన్నాడు. ఆ కేకలకు మా ఆవిడ వెళ్లి నంబరు తిప్పింది. జీపు వచ్చింది గానీ మనిషి దక్కలేదు. ఈ ఏడుపు ఎవరి మీద ఏడవాలో నాకు తెలియడం లేదు. ఆదివారం చర్చికి వెళ్లాను గానీ ప్రార్థన నోటికి రాలేదు.

సమాధి చేసి వచ్చిన మర్నాడు అన్న నన్ను పిలిచాడు. "డిస్పెన్సరీ నంబరు ఏంది తమ్ముడూ?"

"ఇప్పుడెందుకన్నా?"

"చెప్పు."

చెప్పాను. ఒక్కో అంకే నెమ్మదిగా, తప్పు లేకుండా తిప్పాడు. అవతల కాంపౌండరు వెంటనే పలికాడు. "ఎవరికి బాగలేదు?" అని అడుగుతున్నాడు, నాకూ వినపడుతోంది. రెండుమూడు సార్లడిగి కాంపౌండరు పెట్టేశాడు. అన్న మాత్రం రిసీవరు చెవి దగ్గర్నుంచి తీయలేదు.