యాభయ్యో ఆకు

నా డైరీలో ఒక తునికాకు ఉంది. ఎండిపోయి అంచులు విరిగాయి. ముట్టుకుంటే పొడి రాలుతుంది. అది ఆ పేజీల మధ్యకి ఎలా వచ్చిందో అమ్మకు గానీ నాన్నకు గానీ చెప్పలేదు. చెప్పడం ఇదే మొదటిసారి.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మా ఊరు అశ్వారావుపేట దాటాక, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. చీకటి పడితే ఆ దారిలో ఏవేవో కనిపిస్తాయంటారు. షిఫ్టు అయ్యాక స్కూటీ మీద నేను వచ్చేది ఆ దారినే. అడవిపందులు తప్ప నాకేమీ కనబడలేదు.

పామాయిల్ ఫ్యాక్టరీలో కాంటా దగ్గర నా ఉద్యోగం. గెలల ట్రాక్టర్ల బరువు చూసి కంప్యూటర్లో ఎక్కించాలి. మూడేళ్లలో ఒక్క అంకె తప్పు పోలేదు. గొప్పకు చెప్పడం లేదు. జరిగినదానికి ఇది ముఖ్యం.

మా నాయనమ్మకు మరమనుషుల అనుమానం పట్టుకోవడానికి కారణం నేనే. ఒకరోజు టీవీలో వార్తలు చదివే అమ్మాయిని చూసి, చీర ఎంత కుదురుగా కట్టుకుందో అని మెచ్చుకుంది. అది మనిషి కాదు, కంప్యూటర్ తయారుచేసిన బొమ్మ అని చెప్పాను.

"మరి గిట్లాంటియి బయట గూడ తిరుగుతున్నయా?" అని అడిగింది.

"ఏమో నాయనమ్మా, తిరుగుతున్నాయేమో" అన్నాను నవ్వుతూ.

ఆ వారంలోనే ఇద్దరిని పట్టుకుంది. ఒకడు బ్యాంకులో కూర్చునే అబ్బాయి. ఎవరు ఏమడిగినా ఒకే గొంతుతో "సర్వర్ లేదమ్మా" అంటాడు. రెండోవాడు భద్రాచలం బస్సు కండక్టర్. మే నెలలో కూడా వాడికి చెమట పట్టదట. ఇవన్నీ నేను డైరీలో రాసుకుని రాత్రి చదువుకుని నవ్వుకునేదాన్ని.

తర్వాత పరీక్ష కనిపెట్టింది. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి ముప్పై ఏళ్లు ఎండాకాలంలో అడవికి వెళ్లి బీడీలు చుట్టే తునికాకు కోసిన మనిషి ఆమె. కట్టకు యాభై ఆకులు. వాటిని నారతో కట్టి, ఆకు కొనే కల్లంలో అప్పగించాలి. కళ్లు మూసుకుని బొటనవేలితో లెక్కపెట్టేది. వేల కట్టలు చూసి ఆమె తేల్చింది ఒకటే.

"ఏ మనిషికీ సరిగ్గ యాభై రాదు. ఒకటన్న ఎక్కువ పడతది, ఒకటన్న తక్కువ పడతది. మనసు ఏడనో ఉంటది గద. సరిగ్గ యాభై వచ్చిందంటే లోపల మనసు లేనట్టే."

గట్టు మీది తునికి మొక్కల ఆకులు ఒక బుట్టలో పెట్టుకుని, ఇంటికి ఎవరొచ్చినా ఒక కట్ట కట్టమనేది. పక్కింటి దర్జీ ఖాజా మామ అయితే తనే అడిగి కూర్చున్నాడు. "పెద్దమ్మా, నాకు పొద్దుగాలనే ఛార్జింగ్ పెట్టిన్రు. ఎంత జల్దీ లెక్కపెడతనో చూడు" అన్నాడు. యాభై మూడు వచ్చాయి.

"మనిషే" అంది నాయనమ్మ. "జాకెట్లు గూడ గిట్లనే కొలుస్తడు."

అమ్మకు నలభై ఎనిమిది వచ్చాయి. నాన్న ముప్పై దాకా వచ్చి ఫోన్ మోగితే లెక్క మరిచిపోయాడు. అందరూ మనుషులే అని తేలింది. ఆ రోజు మా ఇంట్లో చాలా నవ్వులు.

వానలు పడ్డాక ఒకసారి అమ్మను మళ్లీ అడిగింది. అమ్మ వంట మధ్యలో వచ్చి గబగబా కట్టి ఇచ్చింది. సరిగ్గా యాభై.

నాయనమ్మ ఆ పూట అమ్మ పెట్టిన అన్నం తినలేదు. "మా కోడలిని ఎటు తీసుకపోయిన్రు?" అని నాన్నను అడిగింది. మర్నాడు అమ్మ కావాలనే నలభై ఆరు ఆకులు కట్టి తెచ్చింది. నాయనమ్మ లెక్కపెట్టి, నా వైపు చూసి తల ఊపింది. "నేర్చుకుంటున్నయి" అంది. అమ్మ పెరట్లోకి వెళ్లి కడిగిన గిన్నెలనే మళ్లీ కడిగింది.

ఖమ్మంలో డాక్టర్‌కు చూపించాం. వయసుతో వచ్చే జబ్బు, సొంతవాళ్లనే వేరేవాళ్లు అనుకుంటారు అని మందులు రాశాడు. జబ్బేనని నాకూ తెలుసు. నాకు అర్థం కానిది అది కాదు.

తర్వాతి నెలలో నాన్న కూడా సరిగ్గా యాభై కట్టి పరీక్ష తప్పాడు. ఇక ఆమె నా చేతితో తప్ప తినేది కాదు. నన్ను మాత్రం ఒక్కసారి కూడా పరీక్షించలేదు. "చిన్నికెందుకు, నా ఒళ్లో పెరిగింది" అనేది. ఫ్యాక్టరీలో బతిమాలి రెండో షిఫ్టు తీసుకున్నాను. పొద్దున, మధ్యాహ్నం తినిపించి వెళ్లేదాన్ని. బుట్ట కనబడ్డప్పుడల్లా నాకు భయమేసేది. నా లెక్క తప్పదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు అన్నం కలిపి కూర్చున్నాను. ఆమె బుట్ట నా ముందుకు జరిపింది. "ఊకెనే, చిన్నీ. ఒక్క కట్ట."

లెక్కపెట్టాను. యాభై. మళ్లీ లెక్కపెట్టాను, మూడోసారి కూడా. యాభయ్యే. డైరీ నా ఒళ్లోనే ఉంది. ఆమె కళ్లు మూసుకున్నప్పుడు పై ఆకు తీసి పేజీల మధ్య పెట్టేశాను. బుట్టను కాలితో దూరంగా గోడ దాకా నెట్టాను. నలభై తొమ్మిది ఆకులకు నార చుట్టి చేతిలో పెట్టాను.

ఆమె విప్పి బొటనవేలితో ఒక్కొక్కటే జరిపింది. పెదాలు కదులుతున్నాయి.

"యాభై" అంది.

పొరపాటు పడి ఉంటుందని మళ్లీ చూడమన్నాను. మళ్లీ యాభయ్యే. కట్ట తీసుకుని నేను లెక్కపెట్టాను. యాభై ఆకులున్నాయి. డైరీ కొంచెం తెరిచి చూశాను. నేను దాచిన ఆకు అక్కడే ఉంది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. బుట్ట గోడ దగ్గర ఉంది. ఎవరైనా పట్టుకుంటే తప్ప ఆమె లేవగలిగేది కాదు.

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. పళ్లెం వేళ్లతో మెల్లగా నా వైపు జరిపి, "మీరు తినండమ్మా" అంది.

పుట్టినప్పటి నుంచి నన్ను ఒసేయ్, చిన్నీ అని పిలిచిన మనిషి. ఆ రోజు నుంచి మీరు అంది.

తర్వాత ఎవరి చేతితోనూ సరిగా తినలేదు. భద్రాచలం దవాఖానాలో చేర్చాం, సెలైన్ పెట్టారు. రోజూ డైరీ సంచిలో పెట్టుకుని వెళ్లేదాన్ని. ఆకు తీసి చూపించి, నాయనమ్మా, నేను దొంగలెక్క పెట్టాను, నేనే, చిన్నిని అని చెప్పాలనుకునేదాన్ని. పక్క మంచాల వాళ్లు వింటారని సిగ్గేసేది. సిగ్గుకు కూడా ఒక హద్దు ఉంటుందని అప్పుడు తెలియలేదు.

నేను మొదటే పొరపాటున యాభై ఒకటి తీసి ఉంటానని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. అదే నిజమైతే నా లెక్క తప్పినట్టు, ఆమె లెక్క ప్రకారం నేను మనిషినే. ఆ మాట ఆమెకు చెప్పి ఉంటే నా చేతి ముద్ద తినేదేమో. కానీ నేను మూడుసార్లు లెక్కపెట్టాను. కట్టలోకి ఇంకో ఆకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరి రోజు పొద్దున ధైర్యం చేసి డైరీ బయటికి తీశాను. పేజీ తెరిచేలోగా ఆమె నా చెయ్యి పట్టుకుంది. చాలా మర్యాదగా, బస్సులో పక్కన కూర్చున్న వాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"మంచిగ చూసుకున్నరమ్మా నన్ను. మా చిన్ని ఏడనన్న కనబడితే, అడిగినట్టు చెప్పండి."