కొత్త గడ్డి వచ్చాక

మా ఆయన నందిగామలో పిల్లలకు పోల్‌వాల్ట్ నేర్పుతారు. ఏడాది సాధన ప్రణాళికంతా వరికోతలను బట్టి వేసేవారు. వానాకాలం భుజాలకు బలం, తర్వాత కర్ర పట్టుకుని పరుగు, కోతలయ్యాకే ఎత్తు దూకడం. మంచి పరుపు కొనే స్తోమత లేక, కిందపడే చోట కొత్త గడ్డి కుక్కిన గోతాలు పరిచేవారు.

నిరుడు కోతల్లో వాన పట్టి గడ్డంతా కుళ్ళిపోయింది. జగ్గయ్యపేటలో మా అమ్మాయి సెలక్షన్ దగ్గరపడింది.

"పాత గోతాలున్నాయిగా నాన్నా."

"అవి రాళ్ళయిపోయాయే. ఈ ఏడు వదిలెయ్."

"వచ్చే ఏడు నా వయసు దాటిపోద్ది. అప్పుడు నువ్వు దూకుతావా?"

ఆయన నవ్వేసి కర్ర అందించారు. అమ్మాయి చక్కగా దాటింది. ఆ పాత గోతాల మీద పడ్డప్పుడు వెన్ను విరిగింది. ప్రాణం మిగిల్చినందుకు ప్రభువుకు రోజూ స్తోత్రం చెప్పుకుంటాను. కాళ్ళలో మాత్రం స్పర్శ లేదు.

మొన్న తొలకరి పడిన రోజు, అమ్మాయి కాళ్ళకు నూనె రాస్తూ ఆయన మళ్ళీ ఏడాది సాధన చెప్పారు.

"వానాకాలమంతా చేతులకి బలం. కోతలయ్యేసరికి నీ అంతట నువ్వే మంచం మీంచి కుర్చీలోకి మారాలి."

"ఈసారి కింద కొత్త గడ్డే వేస్తావుగా నాన్నా?" అంది అమ్మాయి.

ఆయన తలెత్తకుండా నూనె రాస్తూనే ఉన్నారు.