నిద్రపోయినవాడి మెడలో నిమ్మకాయలు

మీ ఇంట్లో ఎవరైనా లారీ నడుపుతూ ఉంటే, ఫోన్ చేయగానే మొదట ఏమని అడుగుతారు? "ఎక్కడిదాకా వచ్చావు?" అనే కదా? ప్రేమతోనే అడుగుతాం. అయినా అది తప్పు ప్రశ్న. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మా పక్కింటి బాబాయి ఒక పగటిపూట కళ్ళకు కట్టినట్టు చూపించారు.

నా చిన్నప్పుడు మేము ఏలూరులో, కాలువకు దగ్గరగా ఉన్న ఒక వీధిలో ఉండేవాళ్ళం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్నాయి. మా అన్నయ్య తాడేపల్లిగూడెం రైసుమిల్లు లారీ నడిపేవాడు. పొద్దున వెళ్ళి, చీకటి పడేసరికి ఇంటికి వచ్చి అన్నం తినేవాడు. అలాంటివాణ్ణి కొల్లేరు చేపల్ని ఐసులో పేర్చి హౌరాకు పంపే లారీల యజమాని ఒకాయన పిలిచి, రెండు రోజుల్లో బండెక్కమన్నాడు. బండి కొత్తది, జీతం ఎక్కువ. అయితే డ్రైవరు ఒక్కడే. తోడుగా వచ్చే క్లీనరుకు స్టీరింగు పట్టడం రాదు.

అన్నయ్య నల్ల కళ్ళద్దాలు కొనుక్కున్నాడు. దగ్గరి దారినే కాస్త సాగదీస్తే దూరప్రయాణం అవుతుందని అతని ఊహ. మా అందరి ఊహా అంతే. అమ్మ జంతికలు వండింది. నాయనమ్మ చిన్నతిరుపతి వెంకన్నకు మొక్కుకుని, నిమ్మకాయలూ మిరపకాయలూ దారానికి గుచ్చింది. మా ప్రాంతంలో నిమ్మకాయలకు ఎన్నడూ కొరత లేదు. గుడ్డి నమ్మకాలకు అసలే లేదు.

పక్కింటి బాబాయి ముస్లిం. మా అమ్మను 'వదినమ్మా' అని పిలిచేవారు. ఏళ్ళ తరబడి హౌరా, గౌహతి దారుల్లో తిరిగిన మనిషి. ఆ వారం ఆయన లారీ గేరుబాక్సు షెడ్డులో ఉంది. బండేమో మా ఇంటి ఎదుటి ఖాళీ స్థలంలో నిలబడి ఉంది. అన్నయ్య ప్రయాణం సంగతి విని ఆయన ఒక్కటే అడిగారు.

"రెండో డ్రైవరు లేకుండా ఎలా వెళ్తావురా అబ్బాయ్?"

"నాకు నిద్ర రాదండి బాబాయ్. మొన్న జాతరలో తెల్లవార్లూ మేలుకునే ఉన్నాను, ఆయ్!"

"జాతరలో డప్పులుంటాయిరా. రోడ్డు మీద నీకు డప్పు ఎవరు వాయిస్తారు?"

అన్నయ్య నవ్వేశాడు. అప్పుడు బాబాయి ఒక పందెం పెట్టారు. మర్నాడు పొద్దున్నుంచీ అన్నయ్య ఆయన లారీలో స్టీరింగు ముందు కూర్చోవాలి. నేను మా డాబా మీద నిలబడి, జడకు కట్టుకునే ఎర్ర రిబ్బను ఎత్తినప్పుడల్లా అతను హారను కొట్టాలి. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా తప్పకపోతే బాబాయి మారుమాట్లాడకుండా సాగనంపుతారు. ఒక్కసారి తప్పితే మాత్రం, రెండో డ్రైవర్ని ఇమ్మని యజమానిని అడిగాకే బండెక్కాలి. "ఇదేం పిల్లలాటండీ!" అంటూనే అన్నయ్య ఒప్పుకున్నాడు.

నాయనమ్మ ఊరుకుంటుందా? మనవడు కూర్చునే బండి కదా అని, దండ తెచ్చి ఆ లారీ బంపరుకే కట్టింది.

"నిలబడ్డ బండికి కూడా దిష్టి తగులుద్దా పెద్దమ్మగారూ?" అన్నారు బాబాయి.

"కదిలే బండికైతే డ్రైవరన్నా ఉంటాడు నాయనా. నిలబడ్డదానికి ఎవరున్నారు?" అంది నాయనమ్మ.

పొద్దుటి పూటంతా నాకు పండగే. రిబ్బను ఎత్తడం ఆలస్యం, హారను మోగేది. మా వీధిలో ఒక రిటైరైన మాస్టారు ఉండేవారు. ఆయన లుంగీ సర్దుకుంటూ బయటికి వచ్చి, "ఏవండీ, ఇది వీధా, చెక్‌పోస్టా?" అని కేకలేశారు. అన్నయ్య ఆయనకు కూడా ఒక హారను కొట్టాడు.

మధ్యాహ్నం బాబాయి భార్య, మా పక్కింటి పిన్ని, లారీలోకే భోజనం పంపింది. బొచ్చెచేప పులుసు, గడ్డపెరుగు. అన్నయ్య తింటుండగా బాబాయి డాబా మీదికి వచ్చి నాతో మెల్లగా అన్నారు: "ఇక చాలాసేపు రిబ్బను ఎత్తకమ్మా. రోడ్డు మీద కూడా గంటల తరబడి ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడంలోనే ఉంది ప్రమాదం."

నేను నీడలో కూర్చున్నాను. వీధి మాటుమణిగింది. చాలాసేపటికి బాబాయి కింది నుంచి తల ఊపారు. రిబ్బను ఎత్తాను. హారను మోగలేదు. రెండు చేతులతో ఊపాను. గెంతాను. నల్ల కళ్ళద్దాల వెనక అన్నయ్య నావైపే చూస్తున్నట్టు నిటారుగా కూర్చుని ఉన్నాడు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి.

బాబాయి నింపాదిగా బంపరు దగ్గరికి వెళ్ళి నాయనమ్మ కట్టిన దండ విప్పారు. మెట్టు ఎక్కి, కిటికీలోంచి దాన్ని అన్నయ్య మెడలో వేశారు. దిగి వచ్చి బానెట్ మీద చేత్తో చరిచారు.

అన్నయ్య ఉలిక్కిపడి హారను నొక్కాడు. అందరం లారీ చుట్టూ చేరేసరికి దిగి, నామీద విరుచుకుపడ్డాడు. "నేను కన్ను మూస్తే ఒట్టు! ఇది రిబ్బనే ఎత్తలేదు. అబద్ధాలకోరు!"

నాకు ఏడుపు వచ్చింది. మా అన్నయ్య నాతో ఎన్నడూ అబద్ధమాడినవాడు కాదు. అప్పుడూ ఆడటం లేదు. తాను మేలుకునే ఉన్నానని మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. అతని మెడలో మాత్రం మిరపకాయలు ఊగుతున్నాయి. మాస్టారు నవ్వు ఆపుకోలేక, "దండ ఎవరు వేశారయ్యా పెళ్ళికొడకా?" అన్నారు. అన్నయ్య చెయ్యి మెడమీదికి వెళ్ళింది. నిమ్మకాయ తగిలింది.

"తిండి పెట్టి పడుకోబెట్టారు" అని గొణిగాడు. "దారిలో తినకుండా నడుపుతావా?" అన్నారు బాబాయి.

ఆయన ఆ దండలోంచి ఒక నిమ్మకాయ తెంపి, కోసి, గ్లాసు నీళ్ళలో ఉప్పు వేసి పిండి అన్నయ్యకు ఇచ్చారు. దిష్టికాయ తాగకూడదని నాయనమ్మ గుండెలు బాదుకుంది. అన్నయ్య గటగటా తాగాడు. ఏమీ కాలేదు. ఆ రోజంతటికీ ఆ నిమ్మకాయ చేసిన మంచి పని అదొక్కటే.

తర్వాత బాబాయి లారీ నీడలో కూర్చుని చాలాసేపు మాట్లాడారు. ఆ పనికి వెళ్ళొద్దని ఒక్కసారి కూడా అనలేదు. వెళ్ళేవాడు ఏం తెలుసుకుని వెళ్ళాలో చెప్పారు. స్టీరింగు పట్టడం సగం పనేనట. మిగతా సగం లోడు కోసం, లారీని తూచే కాటా దగ్గర, దించేవాళ్ళ కోసం ఎదురుచూపులట. నడుము ముందు ముసలిదవుతుందట. ఇంట్లో ముఖ్యమైనవన్నీ నువ్వు లేనప్పుడే జరుగుతాయట. "ఐసు కరిగితే ఓనరు తిడతాడు. తిట్టనీ. తిట్లకు ఎవరూ చావరు. నిద్రొస్తోందని చెప్పుకోడానికి సిగ్గుపడేవాడే చస్తాడు, ఎదురొచ్చేవాణ్ణి చంపుతాడు" అన్నారు.

ఆ సాయంత్రమే అన్నయ్య వెళ్ళి రెండో డ్రైవర్ని అడిగాడు. "నీ వెనక పదిమంది నిలబడి ఉన్నారు" అన్నాడు యజమాని. ఆ బండి పోయింది. మళ్ళీ మిల్లు లారీయే దిక్కయింది. నోటి దగ్గర కూడు తీశాడని నాయనమ్మ బాబాయితో చాలా రోజులు మాట్లాడలేదు. జంతికలు మేమే తిన్నాం. ఎవరికీ రుచించలేదు.

ఏడాది తిరిగాక, ఇద్దరు డ్రైవర్లను పెట్టే వేరే యజమాని దగ్గర అన్నయ్య హౌరా దారి పట్టాడు. ఇప్పటికీ ఆ దారిలోనే ఉన్నాడు. బాబాయి చెప్పినవన్నీ జరిగాయి. నడుముకు బెల్టు వచ్చింది. కూతురి మొదటి మాట ఫోన్లోనే విన్నాడు. సొంత ఇల్లు కట్టుకున్నాడు, అందులో పడుకున్న రాత్రులు తక్కువ. కానీ 'నిద్రొస్తోంది, ఆపేశాను' అని అతను ఫోన్ చేస్తే, ఎప్పటికి చేరతావని మా ఇంట్లో ఎవరూ అడగరు.

ఒట్టు వేసినవాడు నిజాయితీపరుడే కావచ్చు, అయినా అతని మాట తప్పు కావచ్చు. మెడలోని మిరపకాయను చూడాలి. గుడ్డి నమ్మకాల మీద ఇన్నేళ్ళుగా నేను చేసిన ప్రతి వాదానికీ వేరు ఆ పగటిలోనే ఉంది. దిష్టి మీదికీ తలరాత మీదికీ నెట్టేసే చావుల్లో ఎన్ని, ఎవరో తొందరపెట్టగా ఎవరో ఆపుకున్న నిద్రవల్ల వచ్చినవో లెక్కపెట్టే ధైర్యం మనకు లేదు. ఆ తొందరపెట్టేవాళ్ళలో యజమాని ఒక్కడే లేడు. "ఎక్కడిదాకా వచ్చావు" అని అడిగే మనమూ ఉన్నాం.

అందుకే, మీ అబ్బాయి ఈ పనికి వెళ్తానంటే జీతం కన్నా ముందు రెండో డ్రైవరు సంగతి అడగండి. బంపరుకు కట్టిన ఆ నిమ్మకాయలు విప్పి రసం పిండి తాగించండి. దారిలో ఉన్న మీవాడికి ఇప్పుడే ఫోన్ చేయండి. ఎక్కడిదాకా వచ్చావని కాదు, "పడుకున్నావా?" అని అడగండి. లేదని అతనంటే, బండి పక్కకు ఆపి పడుకోమని చెప్పి ఫోన్ పెట్టేయండి.